నిండు నెలల లెక్క

గత వారము మా చెల్లెలు ఫోనులో మమ్మొక కోరిక కోరినది. "అక్కయ్యా, మొదటి కాన్పు వలెనే రెండవదియు ఆపరేషనే యనిరి. ఎట్లును కోయవలసినదే యైనప్పుడు మంచి ఘడియ చూచి చెప్పవూ? మా అత్తగారు నిన్నే అడుగుమన్నారు."

పంచాంగము మాకు తెలియును. మా తాతగారు మమ్ము ఇంటనే కూర్చుండబెట్టి అమరముతోపాటు తిథివారనక్షత్రములను గూడ చెప్పించిరి. ఇరుగుపొరుగు వారి నామకరణములకును అన్నప్రాశనములకును దినములు మేమే చూచి చెప్పుచుందుము. అయినను ఆ మాట వినగానే మా చేయి పంచాంగము మీదికి పోలేదు. కారణము చెప్పెదము. తప్పు మాదే గనుక చెప్పుట కొంచెము కష్టముగనే యున్నది.

ఎనిమిదేండ్ల క్రిందట మాకును రెండవ కాన్పు ఆపరేషనే యని నిశ్చయమైనది. డాక్టరమ్మగారు 39 వారములు నిండనిండనిరి. మేము పంచాంగము విప్పితిమి. సరిగా ఆ దినములలోనే కార్తికమాసపు అమావాస్య, జ్యేష్ఠ, మూల వరుసగా పడినవి. పండ్రెండు దినములు ముందుగా బహుళ తదియ, మృగశిర, సోమవారము. తొమ్మిదవ నెల నిండుటకు ఐదు దినములే కొదువ, ఇంతలో ఏమగునని యనుకొంటిమి. ఆమె రెండు మార్లు వలదనిరి. మేము మూడు మార్లు అడిగితిమి.

లగ్నము తప్పకుండ పిల్లవాడు పుట్టెను. తూకము రెండు కిలోల ఆరువందల గ్రాములని మా అత్తగారు సంతసించిరి. అరగంట గడవక మునుపే ముక్కుపుటము లెగరజొచ్చినవి. ప్రతి ఊపిరికిని చిన్న మూల్గు. ప్రక్కటెముకల నడుమ గుంటలు. అద్దాల పెట్టెలో నుంచి ఆక్సిజను పెట్టిరి. మూడవనాటికి కామెర్లు వచ్చుటచే నీలికాంతి క్రింద పరుండబెట్టిరి. పాలకు తెచ్చిన రెండు గుక్కలు చప్పరించి నిద్దురపోవును. మా వారు బడి పరీక్ష కాగితములు ముందుంచుకొని ఆ గది వెలుపల బల్లమీద కూర్చుండిరి. ఆరు దినములలో ఒక్కదానిమీదను మార్కు వేయలేకపోతినని తరువాత చెప్పిరి. మేము మాత్రము పడకమీదనే జాతకచక్రము వేసికొంటిమి. గ్రహములన్నియు మేము కోరిన యిండ్లలోనే యున్నవి.

ఇట్లెందుకైనదని యడుగగా డాక్టరమ్మగారే చెప్పిరి. గర్భములో శిశువు ఊపిరితిత్తులు నీటితో నిండి యుండును. కడపటి దినములలో, ముఖ్యముగా నొప్పులు వచ్చునప్పుడు, ఆ నీరు ఇంకిపోవును. నొప్పులు రాకముందే, వారములును నిండకముందే బయటికి తీసినచో నీరు మిగిలిపోయి ఊపిరి కష్టమగును. చర్మము క్రింది క్రొవ్వు, రక్తములోని చక్కెర నిలుపుకొను శక్తి, చప్పరించు బలము, ఇవన్నియు ఆ కడపటి వారములలోనే చేకూరును. 35వ వారమున శిశువు మెదడు నిండునెలల మెదడు తూకములో మూడింట రెండు వంతులు మాత్రమేయట!

ఇక మన లెక్క. మనము చాంద్రమాసములు లెక్కించుదుము. మాసమునకు ఇరువదితొమ్మిదిన్నర దినములు. కడపటి ముట్టు మొదటి దినము నుండి తొమ్మిది మాసములు నిండుట యనగా 266 దినములు, సరిగా 38 వారములు. వైద్యుల లెక్కలో నిండు ప్రసవము 280 దినములు. కావున "తొమ్మిది నిండినవి" యని మనము నిశ్చింతపడు నాటికి ఇంకను రెండు వారములు కొదువ! 37 వారములు నిండని కాన్పు నెలలు నిండనిదే. 37 నిండి 39 నిండని వానిని గూడ 2013లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమువారు నిండు కాన్పులనుండి వేరుచేసి, తొలినిండు కాన్పులని పేరు పెట్టిరి. మా వంటి రెండవమారు ఆపరేషనుల గూర్చి అచ్చటనే 2009లో నొక పరిశీలన ప్రకటింపబడినది. శిశువులకు కీడు కలుగుట 37వ వారమున నూటికి 15, 38వ వారమున 11, 39వ వారమున 8. మా పిల్లవాడు ఆ పదునైదుగురిలోనివాడు.

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆపరేషను కాన్పులు దేశమున నూటికి 21.5 కాగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7. ఇవన్నియు ముహూర్తముల కొరకే యని మేమనము. తల్లికి రక్తపుపోటు హెచ్చినను, మాయ అడ్డముగా నున్నను, బిడ్డ యెదుగుదల ఆగినను, వైద్యులు ముందే తీయుదురు. అప్పుడు వారము నిండలేదని ఆపుటయు అపాయమే. మేము చెప్పునది పంచాంగము కొరకు తొందరపడుట గూర్చి.

ఏడవ నెల బిడ్డ బ్రదుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రదుకదని మన పెద్దలనుట కలదు. ఎనిమిదవ మాసమున ఓజస్సు తల్లిబిడ్డల నడుమ అస్థిరముగా నుండునని చరకసుశ్రుతులు వ్రాసియున్నారు. తాతగారు చెప్పినప్పుడు మేమును నమ్మితిమి. కాని గర్భములో గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే.

పిల్లవాడిప్పుడు మూడవ తరగతి. ఆరోగ్యముగనే యున్నాడు. అయినను జలుబు చేసి ముక్కు ఎగరవేసినప్పుడెల్ల మేము రాత్రి లేచి ప్రక్కటెముకలు చూతుము.

చెల్లెలికి పదవ వారమున తీసిన మొదటి స్కానింగు కాగితము దగ్గర పెట్టుకొని వారములు లెక్కించితిమి. 39 నిండిన తరువాత మూడవనాడు దశమి. డాక్టరుగారు సరేయన్నచో ఆ దినమని చెప్పితిమి. ఈలోగా నొప్పులు వచ్చినను, ఉమ్మనీరు పోయినను, రాహుకాలమైనను సరే, వెంటనే ఆసుపత్రికి పొమ్మంటిమి. ఆమె అత్తగారు ఫోను తీసికొని, "ఈ గురువారము పుష్యమి కదమ్మా, గురుపుష్యయోగము ఊరక పోవుచున్నదే" యనిరి.

పోనిండంటిమి. నేటికి చెల్లెలికి 37 వారముల 3 దినములు.