మా చెరువు లెక్కపుస్తకము

మనుష్యునకు నలతగా నున్నప్పుడు నాడి పట్టి చూచుట లోకాచారము. చెరువునకు నలత చేసినయెడల ఎవరు చూతురు? మా పాఠశాలకు తూర్పున నొక చిన్న మంచినీటి చెరువు కలదు. ఇంటింట కుళాయి వచ్చిన పిదప ఆ నీటిని మనుష్యులు త్రాగుట మానిరి గాని పశువులు మానలేదు. చాకిరేవు ఆ గట్టుననే యున్నది. బెస్తవారు కొందఱు దాని చేపలమీదనే బ్రతుకుచున్నారు. అందుచేత మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు పదవ తరగతి వారమగు మా ఆరుగురకు ఆ నీటిని ఏడాది పొడవునను పరీక్షించి వ్రాయు పనిని ఒప్పగించిరి.

ప్రతి శనివారమును తెప్పపై తూమునొద్దకు పోయి, ఒకే తావున, నీటి వేడిమిని, తేటను, ఆమ్లక్షారగుణమును, అందు కరగియున్న ప్రాణవాయువును కొలిచి పుస్తకమున నెక్కింపవలెను. తేటను కొలుచు సాధనము మిక్కిలి చౌకయైనది. ఇటలీ దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు ఆంజెలో సెక్కి 1865లో మధ్యధరాసముద్రమున తెల్లని బిళ్లలను దించి చూచెను. మేము 20 సెంటీమీటర్ల రేకుబిళ్లకు నలుపు తెలుపు రంగులు వేసి, త్రాటికి కట్టి దించి, అది కంటికి మఱుగైన లోతును గుర్తించితిమి.

ప్రాణవాయువునకు హంగేరీ దేశీయుడగు లాయోష్ వింక్లరు 1888లో ప్రకటించిన పద్ధతిని అనుసరించితిమి. గాలిబుడగ చొరకుండ సీసాలో నీటిని పట్టి, మాంగనీసు లవణమును, క్షారముతో గూడిన అయొడైడును వేసినచో గోధుమవన్నె మడ్డి యేర్పడును. దానిని ఆమ్లముతో కరగించినప్పుడు ప్రాణవాయువునకు తగినంత అయొడిను వెలువడును. గంజి చేర్చి నీలిరంగు తెప్పించి, ఆ రంగు పోవువఱకు థయోసల్ఫేటును బొట్టుబొట్టుగా విడిచి లెక్కింపవలెను.

ఆరంభమున మధ్యాహ్నపు లెక్కలు మాకు సంతోషము కలిగించెను. 30 డిగ్రీల వేడిమిగల నీరు గాలినుండి గ్రహింపగల ప్రాణవాయువు లీటరునకు ఇంచుమించు 7.5 మిల్లీగ్రాములు; మా చెరువున 11 కనబడుచుండెను. అధికమైనదంతయు పచ్చని పాచి యెండలో తయారుచేసిన సంపద. అప్పుడు మాస్టరుగారు, "నాయనలారా, పగలు పెట్టు చేయి రాత్రి యేమి చేయుచున్నదో చూడవలదా?" అనిరి. నాటినుండి వేకువను గూడ పోసాగితిమి. అదే నీట తెల్లవాఱుజామున 4 మాత్రమే! ఎండ లేనప్పుడు పాచి ప్రాణవాయువును చేయదు. చేపలతో పాటు తానును పీల్చును.

కార్తికమాసమున ముసురు పట్టి మూడు దినములు సూర్యదర్శనము లేకపోయెను. నాలవ నాడు శనివారము. ఆ వేకువ మా సీసాలో 1 మిల్లీగ్రాము తేలెను. బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండెను. ప్రొద్దెక్కునప్పటికి అనేకము చచ్చి గట్టునకు చేరెను. ఎవరో మందు కలిపిరన్న మాట పుట్టెను. వ్రేళ్లు చాకిరేవు వైపు తిరిగెను. రచ్చబండయొద్ద మాటలు పెరిగి చేతులదాక వచ్చునట్లుండగా, మాస్టరుగారు మా చేత పుస్తకము చదివించిరి. వారము వారము వేకువ లెక్క 4, 3, 2 గా దిగుచు వచ్చిన విధమును అందఱు వినిరి. బెస్తపెద్ద యొకరు, "ముసురు పట్టినప్పుడు మా అయ్య రాత్రిళ్లు గడలతో నీటిని చిలికించేవాడు బాబూ, ఇందుకే కాబోలు" అనిరి. ఆ మాటతో కోపములు చల్లారెను. ఆ రాత్రియే ఇంజనుతో నీటిని తోడి మరల చెరువులోనికే చిమ్మించిరి. మిగిలిన చేపలు దక్కెను.

పాచి యింతగా పెరుగుటకు కారణము వీధికాలువ మోసితెచ్చు మురుగు, పేడ, పొలముల యెరువు. వానియందలి భాస్వరము, నత్రజని పాచికి ఆహారము. అమెరికాలో సియాటిల్ నగరమువారు 1963 మొదలు 1968 వఱకు వాషింగ్టను సరస్సులోనికి పోవు మురుగును మరలించిన పిదప ఆ సరస్సు తిరిగి తేటపడినది. మా పంచాయతీవారును కాలువను ప్రక్కకు త్రిప్పుటకు అంగీకరించిరి. పని యింకను జరుగవలసియున్నది.

ఒక పూట చూచి చెరువును మెచ్చుకొనుటయు తగదు, ఒకరిని నిందించుటయు తగదని మేము నేర్చుకొంటిమి. ఈ యేడు మేము పాఠశాలను విడుచుచున్నాము. పుస్తకమున తెల్లకాగితములు చాల మిగిలియున్నవి. వచ్చు తరగతి సోదరసోదరీలారా, వేకువ లేచుట కష్టమే. అయినను ఒక్క శనివారమును ఖాళీగా విడువకుడు.