అడిగితేనే చెప్పే స్ట్రీమ్

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో రాత్రిపూట నడిచే ఒక సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ ఉండేది. రోజంతటి లెక్కలు చదివి, తెల్లారేసరికి రిపోర్టు ఫైలు రాసిపెట్టేది. ఒకనాడు ఆ ఫైలు సగంలో తెగిపోయింది. లాగ్‌లో మాత్రం పని పూర్తయిందనే ఉంది. డిస్క్ నిండిపోయిందని తేలేసరికి మధ్యాహ్నమైంది.

ప్రోగ్రామ్ అబద్ధమాడిందా? రాత విఫలం కాగానే, ఫైలులోకి రాసే స్ట్రీమ్ తనలో బ్యాడ్‌బిట్ అనే లోపపు గుర్తు పెట్టుకుంది. ఆపైన వచ్చిన రాతలన్నిటినీ ఊరకే వదిలేసింది. అడిగుంటే చెప్పేదే. అడగనిదే చెప్పనివాణ్ణి తప్పుపట్టాలా, అడగనివాణ్ణా? అడగకున్నా చెప్పమని కోరడానికి ఎక్సెప్షన్స్ అనే ఫంక్షన్ ఉంది. మనం ఏమీ కోరకపోతే దాని విలువ గుడ్‌బిట్, అంటే ఏం జరిగినా ఎక్సెప్షన్ రాదు. ఎందుకంటే ఈ భాషలోకి ముందు వచ్చినవి స్ట్రీములు. ఎక్సెప్షన్లు తర్వాత వచ్చాయి. 1998 నాటి ప్రమాణంలోనూ పాత పద్ధతే నిలిచింది.

అయితే అన్ని బిట్లకూ ఎక్సెప్షన్ పెట్టేద్దామన్నాడు ఒక మిత్రుడు. పెట్టి చూశాం. ఈసారి చదివే వైపు కూలింది. వరుసలన్నీ అయిపోయాక, వరుస చదివే గెట్‌లైన్‌ను మళ్లీ పిలిస్తే, ఫైలు ముగిసిందనే ఈఓఎఫ్‌బిట్‌తో పాటు పని విఫలమైందనే ఫెయిల్‌బిట్ కూడా పడుతుంది. కాలువ శివారుకు చేరి ఆగడం వేరు, మధ్యలో గండి పడటం వేరు. రెంటికీ ఒకే కేక పెట్టించాం. ఇలా కూలే ప్రోగ్రామ్ చుట్టూ ఎవరో విసుగొచ్చి ఖాళీ క్యాచ్ రాస్తారు. పోగొట్టామనుకున్న మౌనం ఇంకో దారిన తిరిగొస్తుంది.

ఏది మామూలు, ఏది ఆపద అన్నది ముందుగా తేల్చుకోవలసింది మనమేనని నాకు మెల్లగా తెలిసింది. చదివేటప్పుడు ఫైలు ముగియడం మామూలే, లూపు షరతులో చూసుకుంటే చాలు. బ్యాడ్‌బిట్‌కు మాత్రం ఎక్సెప్షన్ ఉండాలి. రాసేటప్పుడు ఫెయిల్‌బిట్‌కూ ఉండాలి, ఎందుకంటే క్లోజ్ విఫలమైతే పడేది అదే. బఫర్‌లో మిగిలిన ఆఖరి ముక్క ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరేది ఫైలు మూసేటప్పుడే. ఆ పని డిస్ట్రక్టర్‌కు వదిలేస్తే అక్కడి లోపం మనదాకా రాదు. కనుక క్లోజ్ మనమే పిలవాలి.

నమ్మకం చాలకపోతే లినక్స్‌లో /డెవ్/ఫుల్ అనే ఫైలు ఉంది. దానికి ఏం రాయబోయినా చోటు లేదనే జవాబు వస్తుంది. మీ ప్రోగ్రామ్‌ను ఒకసారి దానిలోకి రాయించి, ఏమంటుందో చూడండి.