వెంట వచ్చిన ఊరి పేర్లు

ఊరు విడిచి వెళ్లే మనిషి తనతో ఏమి తీసుకుపోగలడు? పసిఫిక్ మహాసముద్రంలోని బనాబా ద్వీపవాసుల గాథ చదివిన నాటి నుండి ఈ ప్రశ్న మమ్మల్ని విడవలేదు.

బనాబా వైశాల్యం సుమారు 6 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఏరు లేదు. వానలు లేని కాలంలో భూగర్భ గుహలలో ఊరే నీరే ఆధారం. ఆ చీకటిలోకి స్త్రీలే దిగి, కొబ్బరిచిప్పలలో నీరు నింపి తెచ్చేవారు. 1900లో ఆ నేలలో ఫాస్ఫేట్ బయటపడింది. ఆ మట్టి ఎరువై ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలను పండించింది. 1979 వరకు సాగిన తవ్వకాల తరువాత ద్వీపంలో రాతిమొనలు మిగిలాయి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, 1945 డిసెంబరు 15న, బనాబా ప్రజలను రెండు వేల కిలోమీటర్ల ఆవల, ఫిజీలోని రాబీ ద్వీపంలో దించారు. మన తెలుగువారు సైతం ఒకనాడు చెరకుతోటల కూలీలుగా చేరిన దేశమది. వానాకాలం, తలదాచుకోవడానికి గుడారాలే దిక్కు. ఆ కొత్త నేలపై వారు నాలుగు ఊళ్లు కట్టుకుని, విడిచివచ్చిన ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: ఉమా, తబ్వేవా, తబియాంగ్, బువాకోనికాయ్.

పేరు పోయిన నేలను తిరిగి తేలేదు. అయినా బనాబాను ఎన్నడూ చూడని మనుమలకు తాతల ఊరు తెలిసేది ఆ పేర్ల వల్లనే. మన పెద్దలు విడిచివచ్చిన ఊరి పేరు, అక్కడి మంచినీళ్ల బావి మన పిల్లలకు తెలుసా? ఈ రాత్రి భోజనాల వేళ అడిగి చూద్దాం.