రొంటిన చాకు

మా తమ్ముడి కూతురికి గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా ఉద్యోగం వచ్చింది. "నీకేం కావాలమ్మా?" అని అడిగాను. చీరె అంటుందనీ, కాదంటే చేతిగడియారం అంటుందనీ నా అంచనా.

"ఒక మంచి మడత చాకు కొనిపెట్టు, పెదనాన్నా! రోజూ నా సంచిలో ఉండాలి. పిడి మాత్రం చెక్కది వద్దు, లోహానిదే కావాలి," అంది.

పక్కనే చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ చెయ్యి ఆపి నా వంక చూసింది. "ఉద్యోగం వచ్చిన పిల్లకి కత్తి పెడతావుట్రా? పైగా చేతికిస్తే కలహం!" అంది. మా అమ్మ కత్తి గాని, ఉప్పు గాని, మిరపకాయలు గాని ఎవరి చేతికీ ఇవ్వదు. కింద పెడుతుంది, తీసుకోమంటుంది. మిరప పండించే ఇంట్లో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి!

నిజానికి నాకు బజారుకు వెళ్లే పనే లేదనుకున్నాను. మా నాన్నగారి చాకు నా బీరువాలో ఉంది. ఇత్తడి పిడి, మూడంగుళాల అలుగు. ఆయన దాన్ని పంచె రొంటిన దోపుకునేవారు. పొలానికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా అది అక్కడే ఉండేది. ఆ చాకుతో ఆయన చెయ్యని పని లేదు. మామిడికాయ కోసేవారు, మా పెన్సిళ్లు చెక్కేవారు, ఎద్దుల పగ్గం చివర చీలిపోతే సరిచేసేవారు. గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు వేసుకు వెళ్లినప్పుడు కాయ చూపించడానికి మూతి విప్పాలి కదా! దాన్ని మాత్రం మరొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. పురికొస ముడి దగ్గర ఒక్క కోత కోసి, దారం కొస పట్టుకుని లాగేవారు. కుట్టంతా గొలుసులా ఊడివచ్చేది. "కుట్టు కోయాలిరా, గోతం కోయకూడదు. గోతం మళ్లీ ఏడాదికి పనికొస్తుంది," అనేవారు.

ఇంత చరిత్ర ఉన్న చాకును మనవరాలికి ఇస్తే ఎంత బాగుంటుంది! బీరువా తీసి, దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అలుగు తెరిచాను. తెరవగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతట అదే వెనక్కి ముడుచుకుంది.

ఆ వేలి మీద అర్ధచంద్రాకారపు మచ్చ ఒకటి ఉంది. నాకప్పుడు పన్నెండేళ్లు. తాటిబుర్రల బండి చేసుకుంటున్నాను. ఇరుసు పుల్ల దూరడానికి బుర్రకు చిల్లి పెట్టాలి. నాన్నగారు చూడకుండా చాకు తెచ్చి, మొనతో పొడిచి తిప్పాను. బుర్ర గట్టిది. అలుగు వెనక్కి మడతపడి నా వేలి మీదికి వచ్చింది. ఆ తర్వాత సంగతి మా ఇంటి అరుగుకే తెలుసు. కట్టు కడుతూ నాన్నగారు నన్ను తిట్టలేదు. "ఇది కోసే చాకురా. స్ప్రింగు బలమే తప్ప దీనికి గడియ లేదు. పొడిచే పని దీనికి చెప్పకూడదు," అన్నారు. ఆనాటి నుంచీ ఆయన పొలం నుంచి రాగానే మా అమ్మ కాళ్లకు నీళ్లయినా ఇవ్వకముందే అడిగే మాట ఒకటే: "చాకు మూశారా?"

గడియ లేని ఆ చాకును ఈ పిల్ల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇంతకూ ఆమెకు చాకుతో ఏం పని? చాలామంది నన్ను ఈ ప్రశ్న అడిగారు. పత్తికాయ కోసి చూడడం ఆమె పని. గులాబీ రంగు పురుగు అని ఒకటుంది. గుడ్డు లోంచి బయటికి రాగానే లేతకాయలోకి దూరుతుంది. అది దూరిన చిల్లి కొన్నాళ్లకు పూడుకుపోతుంది. ఇక పైకి చూస్తే కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల గింజ తింటూ పురుగు పెరుగుతుంది. మందు కొట్టినా దానికి తగలదు. కాయ పగిలినప్పుడు పసుపుపచ్చ గుడ్డి పత్తి కనిపిస్తుంది. అప్పుడు రైతు తల పట్టుకుని ప్రయోజనం లేదు.

మా నాన్నగారు గట్టు మీద కూర్చుని పచ్చికాయలు కోసి చూడడం నాకు గుర్తే. 2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చింది. కొన్నేళ్లు కాయ కోసే అవసరం తప్పింది. చాకులు రొంటిలోంచి పెట్టెల్లోకి వెళ్లాయి. 2010లో గుజరాతులో మొదటి తరం బీటీ పత్తిని గులాబీ పురుగు తట్టుకుంటోందని బయటపడింది. రెండో తరం విత్తనం అప్పటికే వచ్చి ఉంది. పురుగు దానికీ అలవాటు పడింది. మళ్లీ కాయ కోసి చూడక తప్పని రోజులు వచ్చాయి. ఎకరాకు ఇరవై పచ్చికాయలు కోయాలి. వాటిలో రెండింట పురుగు కనిపిస్తే చర్య తీసుకోవలసిన స్థాయి వచ్చినట్టే. ఈ లెక్క నాకు ఆ పిల్లే చెప్పింది.

సరే, గుంటూరు పట్నంబజారుకు ఇద్దరం వెళ్లాం. దుకాణదారు మొదట చూపించింది మీట నొక్కితే టక్కున తెరుచుకునేది. సినిమాలో ప్రతినాయకుడి చేతికి తగినది. మాకు వద్దన్నాం. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో తొమ్మిదంగుళాల పొడుగు గాని, రెండంగుళాల వెడల్పు గాని మించిన అలుగు గల కత్తులను ఆయుధాలలో చేర్చారు. ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడంగుళాల చాకు చట్టానికి బాగా లోపలే ఉంటుంది. అయినా పదిమందిలో తీసేది, తీయగానే జనం భయపడేది మనకెందుకు? విమానం ఎక్కేటప్పుడు మాత్రం ఎంత చిన్న చాకయినా చేతిసంచిలో పెట్టుకోకూడదు సుమా!

తర్వాత చెక్కపిడి చాకు వచ్చింది. చూడ ముచ్చటగా ఉంది. నాకు మనసయింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "పొద్దున్నే మంచులో తిరుగుతాం, పెదనాన్నా. చెక్క ఉబ్బితే అలుగు తెరుచుకోదు. పత్తి అయ్యాక మిరపలోకి వెళ్తాం. ఘాటు చెక్కలోకి ఇంకిందంటే ఎన్నాళ్లకూ పోదు. ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటాం," అంది. నిజమే. మిరప ఘాటు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. లోహపు పిడినయితే నూనెగుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగేస్తే సరి.

లోహపు పిడి కొత్త వింత కాదు. జపానులో హిగోనోకామి అనే చాకుంది. ఒక్క రేకును మడిచి పిడి చేస్తారు. అక్కడి బడిపిల్లలు ఒకప్పుడు దానితోనే పెన్సిళ్లు చెక్కుకునేవారు. స్విస్ సైనికులకు మొదట ఇచ్చిన చాకుకు చెక్కపిడి ఉండేది. 1961 నమూనాకు గళ్లు గళ్లుగా అచ్చు వేసిన అల్యూమినియం పిడి వచ్చింది. ఆ గళ్లు అందానికి కావు, చెమట చేతిలోంచి చాకు జారకుండా. లోహపు పిడికి ఉన్న మొదటి లోపమే అది. నున్నగా ఉంటే జారుతుంది. రెండో లోపం మన ఎండ. రోహిణికార్తెలో గట్టు మీద పెట్టి మరిచిపోతే మళ్లీ పట్టుకోవడం పట్టకారుతోనే! అందుకని సంచిలోనే ఉంచాలి.

చివరికి మూడు మిగిలాయి. మూడింటినీ నేను బల్ల మీద వరసగా పెట్టి పరీక్ష చేశాను. అలుగు పూర్తిగా తెరిచి, వెన్ను భాగాన్ని చెక్క మీద ఆనించి మెల్లిగా నొక్కాను. వేళ్లు మాత్రం పిడి గాడికి దూరంగా పెట్టుకున్నాను. మొదటిది మడతపడిపోయింది. రెండోది కొంచెం కదిలింది. మూడోది కదలలేదు. దాని పిడి లోపల చిన్న పలుచటి రేకు ఉంది. అలుగు తెరవగానే ఆ రేకు పక్కకు జరిగి అలుగు మొదలుకు అడ్డు నిలుస్తుంది. బొటనవేలితో దాన్ని పక్కకు నెడితే తప్ప చాకు మూసుకోదు. పిడి గళ్ల అల్యూమినియం. అలుగు తుప్పు పట్టని ఉక్కు. మామూలు ఉక్కుకు పదును త్వరగా వస్తుంది గాని, మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది, మంచుకు తుప్పు పడుతుంది. అదే తీసుకున్నాం. దానితోపాటు కుట్టుమిషను నూనె చిన్నసీసా కూడా కొన్నాను. పత్తిచేలో తిరిగే చాకు కీలులో దూది పోగులు చేరతాయి. వారానికోసారి పుల్లతో తీసి, ఒక చుక్క వెయ్యాలి.

ఇంటికి వచ్చాక చాకు అరుగు మీద పెట్టాను. ఆమె తీసుకుంది. మా అమ్మ మాట దక్కింది. నాన్నగారి చాకు సంగతి కూడా చెప్పాను. "అది ఇంట్లో ఉండాలి, పెదనాన్నా. సంక్రాంతికి చెరుకు ముక్కలు దాంతోనే కోద్దాం," అంది.

కార్తీకంలో ఒకనాడు ఆమె వెంట నేనూ చేలోకి వెళ్లాను. నల్లరేగడి ఇంకా తడిగా ఉంది. రైతు మాకు తెలిసినవాడే. కౌలు చేను. "ఈ ఏడు కాయ బ్రహ్మాండంగా ఉందండీ. మాఘం దాకా ఉంచితే మరో రెండు ఏరుళ్లు వస్తాయి," అన్నాడు. చూస్తే నాకూ అలాగే అనిపించింది. ఒక్క కాయకైనా మచ్చ లేదు.

ఆమె చేనంతా తిరిగి ఇరవై కాయలు తెచ్చి గట్టు మీద పోసింది. కాయను అడ్డంగా నరకలేదు. అతుకు వెంట నిలువునా గీత పెట్టి, రెండు చేతులా మెలితిప్పింది. కాయ తొనలుగా విడిపోయింది. ఒకటి, రెండు, మూడు, బాగున్నాయి. నాలుగో కాయలో గింజ పక్కన సన్నటి తెల్లపురుగు. తొమ్మిదో దానిలో గులాబీ రంగు తిరిగినది. ఇరవై పూర్తయ్యేసరికి అయిదు కాయలు విడిగా పడ్డాయి. రైతు వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక తొన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"పైకి ఏమీ తెలియలేదే, అమ్మా!" అన్నాడు.

"తెలియదు, బాబాయ్. ఈ ఏరుడుతో పత్తి ఆపేద్దాం. మోళ్లు పీకించు, చేలో ఉంచకు. మాఘం దాకా ఉంచితే ఉన్న డబ్బు మందులకు పోతుంది. పురుగు వచ్చే ఏటికి కూడా మిగులుతుంది," అంది.

అతను వెంటనే ఒప్పుకోలేదు. కౌలు ఎంతో, అప్పు ఎంతో లెక్కలు చెప్పాడు. ఆమె ఒక్కొక్కటీ విని, పుస్తకంలో రాసుకుని, అక్కడే కూర్చుని మళ్లీ లెక్క వేసింది. ఎండ ఎక్కేవేళకు అతను లేచి, ఆ అయిదు కాయలూ తువ్వాలులో మూట కట్టుకున్నాడు. "మా ఇంటావిడకు చూపించాలి. నా మాట నమ్మదు," అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. పిల్ల చెప్పులు విప్పుతూండగానే అడిగింది:

"చాకు మూశావుటే?"