పారేయాల్సింది ఏది?

మన తెలుగు బడికి ఒక పాత లాప్‌టాప్ ఉంది. పాఠాలు, హాజరు పట్టీలు, పిల్లల పద్యాల రికార్డింగులు అన్నీ అందులోనే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని తెలిసి, "మీరు సాఫ్ట్‌వేర్ కదండీ, కాస్త చూడండి" అంటే సెప్టెంబరులోనే దాన్ని విండోస్ 11కి మార్చాను. మరుసటి శనివారం తెరిస్తే సి డ్రైవు మీద ఎర్ర గీత! 128 జీబీ డిస్కులో ఒక్క జీబీ కూడా మిగల్లేదు.

"ఆ పాత ఆడియోలు తీసేద్దామండీ, ఎవరు వింటారు?" అన్నారు ఒక టీచరుగారు. ఎదురుగా పిల్లలు కూర్చుని ఉన్నారు. నేనూ సరేననబోయి, అసలు చోటంతా ఏది తినేసిందో చూద్దామని ఆగాను.

మన లాప్‌టాప్‌కి జర్మన్ తప్ప రాదు. 'ఐన్‌ష్టెలుంగెన్'లో సిస్టమ్, అందులో 'ష్పైషర్', అందులో తాత్కాలిక ఫైళ్ళు. దొంగ అక్కడ దొరికాడు. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికని పాత విండోస్ మొత్తాన్ని 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులో పది రోజులు అట్టే పెడుతుంది. పక్కనే పాత అప్‌డేట్ల మిగులు. రెండూ కలిపి 25 జీబీ పైమాటే. మన ఆడియోలన్నీ కలిపినా రెండు జీబీ లేవు!

వారంగా అంతా బాగానే నడుస్తోంది కనుక ధైర్యంగా టిక్కులు పెడుతూ పోయాను. అదే జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంది. అదీ చెత్తే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని తెరిచి చూస్తే, అందులో ఒక అమ్మమ్మగారి గొంతు. మూడేళ్ళ క్రితం మనవరాలిని చూడ్డానికి డ్యూసెల్‌డార్ఫ్ వచ్చి, మన పిల్లలకు ఏడు చేపల కథ చెప్పారావిడ. ఎవరో పంపితే దించుకుని, అక్కడే వదిలేశాం. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ ఫైలు ఇంకెవరి దగ్గరా లేదు.

విండోస్‌ని ఎన్నిసార్లయినా మళ్ళీ దించుకోవచ్చు. ఆ గొంతును ఎక్కణ్ణించి దించుకుంటాం? మళ్ళీ దొరికేదాన్ని దాచుకుని, దొరకనిదాన్ని పారేయబోయాం.

మీరూ ఇంట్లో ఈ పని చేస్తారు కనుక రెండు మాటలు. కొత్త విండోస్ మీద నమ్మకం కుదిరాకే పాతది తీయండి. తీశాక వెనక్కి దారి లేదు. 'విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్' ఫోల్డరు పెద్దగా కనబడిందని చేత్తో చెరపకండి. విండోస్ నడిచేదే వాటి మీద. ఇంజనీరింగ్ హాస్టల్లో నాలుగు జీబీ డిస్కు రోజుల్లో నేను విండోస్ ఫోల్డరులో ఇలాంటి తెలివే చూపిస్తే, మర్నాడు కంప్యూటరు లేవనే లేదు. రూమ్మేటు నాతో వారం మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే కథను రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాం. ఒకటి బడిలో, ఒకటి మా ఇంట్లో. మీ దగ్గర కూడా అలాంటి గొంతులుంటే మరో కాపీ చేసి పెట్టుకోండి.

తరువాత ఒక శనివారం చిన్న క్లాసు పిల్లలకు ఆ కథ వినిపించాం. చీమ వంతు వచ్చేసరికి అందరూ అమ్మమ్మగారితో గొంతు కలిపారు.