820 కిలోమీటర్లు, రెండు రోజులు

నేనుండే ఇకాలుయిట్ నుంచి నూక్‌కి 820 కిలోమీటర్లు, విమానంలో గంటా పది నిమిషాలు. ఫోన్లో దూరాల లెక్క అడిగితే ఇలాగే చెబుతుంది. "ఇంత దగ్గరా మామయ్యా? శనివారం వెళ్లి ఆదివారం వచ్చెయ్యొచ్చుగా!" అని కాకినాడ నుంచి మా మేనల్లుడు మెసేజ్ పెట్టాడు. వాడి మీద కాదుగానీ, ఆ లెక్క మీద నాకు ఒళ్లు మండింది.

రెండూ ఇంచుమించు 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఊళ్లే. ఇటు కెనడాలో నునావుట్ రాజధాని, అటు గ్రీన్‌లాండ్ రాజధాని, నడుమ డేవిస్ జలసంధి. రెండు ఒడ్డుల్లోనూ ఇన్యూట్ జనమే. 2012లో నేరుగా విమానం వేశారు, కొన్నేళ్లకే ఆపేశారు. 2024 వేసవిలో మళ్లీ వారానికొకటి నడిపారు. అది లేని ఏళ్లలో నూక్ వెళ్లాలంటే ముందు దక్షిణాన ఒటావాకి 2100 కిలోమీటర్లు రావాలి. అట్లాంటిక్ దాటి ఐస్‌లాండ్‌కో డెన్మార్క్‌కో పోవాలి. అక్కణ్నుంచి మళ్లీ పడమరకి వెనక్కి తిరగాలి. పడిగాపులతో కలిపి రెండు రోజులు. ఇదా గంటా పది నిమిషాలు?

నేరు విమానం ఉన్నా ఆ లెక్క కుదరదు. ఈ దారిలో తిరిగింది పెద్ద జెట్ కాదు, గంటకి 500 కిలోమీటర్లు పోయే డాష్-8. ఎదురుగాలి తగిలితే ఇంకా ఆలస్యం. నూక్‌లో పొగమంచు కమ్మితే మరోచోట దిగడానికి సరిపడా ఇంధనం మొయ్యాలి, ఆ మేరకు మనుషుల్నీ సామాన్నీ తగ్గించాలి.

మా ఆఫీసులో నా పక్క సీటావిడ పెద్దమ్మ నూక్‌లో పోయింది. ఈవిడ వెళ్లలేకపోయింది. ఫోన్‌ని టీ కప్పుకి ఆనించి పెట్టుకుని, అక్కడి చర్చిలో వాళ్లు పాడుతుంటే ఇక్కడ పెదవులు కదుపుతూ కూర్చుంది. సిగ్నల్ తెగినప్పుడల్లా తెర మీద వేలితో తడుతూనే ఉంది. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

కోటిపల్లి రేవు గుర్తొచ్చింది. గోదావరికి వరదొచ్చి పంటు ఆపేస్తే, ఎదురుగా కనిపించే ముక్తేశ్వరానికి రావులపాలెం చుట్టు తిరిగి పోవాల్సిందే. పెళ్లివారు పట్టుచీరలు మోకాళ్లదాకా ఎత్తి పట్టుకుని రేవులో నిలబడటం, మా నాన్న వాళ్లకి ఆ చుట్టుదారి చెప్పి పంపడం నాకింకా జ్ఞాపకమే. అయినా మన దగ్గర వరద తీసిందంటే పంటు కదిలేది. రేవు వేలం పాడినవాడు జనం లేరని మానేసేవాడు కాదు. ఇక్కడేమో టికెట్లు అమ్ముడుపోవని ఏళ్లకేళ్లు వదిలేశారు.

ఈ చలిలో విమానాలు నడిపేవాళ్లకీ బాగుచేసేవాళ్లకీ చేతులెత్తి మొక్కాలి, అది వేరే సంగతి. రన్‌వేలకీ లోటు లేదు. ఇకాలుయిట్‌ది 1942లో అమెరికా సైన్యం వేసిన స్థావరం. 2006లో ఎయిర్‌బస్ ఎ-380ని చలికి పరీక్షించడానికి ఇక్కడికే తెచ్చారు. నూక్‌లో కూడా 2024 నవంబరులో 2200 మీటర్ల రన్‌వే తెరిచారు. అంత పెద్ద ఎ-380ని దింపగలిగినవాళ్లు ఒక చిన్న విమానాన్ని ఏడాదంతా వారానికోసారి పంపలేరా?

2021 జనాభా లెక్కల్లో ఇకాలుయిట్‌లో 7429 మందే. ఆ కొద్దిమందితో విమానం ఖర్చు గిట్టదు, నిజమే. అందుకే రెండు ప్రభుత్వాలూ చెరిసగం భరించి, ఏడాది పొడవునా నడపాలి. నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక్క ఊరికీ బయటినుంచి రోడ్డు లేదు.