సముద్రపుటొడ్డున సౌర పందిరి

బార్సిలోనా నగరాన్ని ఏటవాలుగా చీల్చుకుంటూ వచ్చే దియాగొనల్ రోడ్డు సముద్రం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆగిన చోట నీలిరంగు ముక్కోణపు భవనం ఒకటుంది. స్విట్జర్లాండ్ వాస్తుశిల్పులు హెర్జోగ్, ద మ్యూరాన్ కట్టింది. ఇప్పుడందులో ప్రకృతి శాస్త్రాల మ్యూజియం నడుస్తోంది. ట్రామ్ దిగినవాళ్లలో చాలామంది దాని ముందు ఫొటో దిగి వెనక్కి తిరుగుతున్నారు. మేం చూడాలని వచ్చింది దానికి అవతల ఉంది.

మా తమ్ముడి కూతురు అక్కడ పట్టణ రూపకల్పన చదువుతోంది. కరెంటు తయారయ్యే చోటును జనం కూర్చునే చోటుగా ఎలా మలచాలన్నదే తన ప్రాజెక్టు. "గౌడీ చర్చి ఎక్కడికీ పోదు పెదనాన్నా, ముందు ఫోరమ్ చూద్దురు గాని రండి" అని లాక్కొచ్చింది. మంచి పని చేసింది.

ఈ నేల కథ తెలియకపోతే ఇక్కడ జరిగిన పని విలువ తెలియదు. బెసోస్ నది సముద్రంలో కలిసే ఈ మూలకి నగరం తనకి కంటగింపుగా ఉన్నవన్నీ తోసేసింది. కాంప్ దె లా బోతా అనే ఈ ఒడ్డున వలస కూలీల గుడిసెలుండేవి. అంతర్యుద్ధం ముగిశాక, 1939 నుంచి 1952 దాకా, నియంత ఫ్రాంకో ప్రభుత్వం వెయ్యిమందికి పైగా మనుషుల్ని ఇక్కడే నిలబెట్టి కాల్చి చంపింది. ఆ తర్వాత మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది. చెత్త కాల్చే కర్మాగారం వచ్చింది. పక్కనున్న సాంత్ అద్రియాలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు మూడు 200 మీటర్ల ఎత్తున లేచాయి. గుడిసెలవాళ్లని తరలించిన లా మీనా కాలనీ కూడా ఇక్కడికి దగ్గరే. మన ఊళ్లలో మాత్రం? డంపింగ్ యార్డూ మురుగుకాలవా పేదల ఇళ్లూ ఒకే దిక్కున ఎందుకుంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

2004లో ఇక్కడ ప్రపంచ సంస్కృతుల ఫోరమ్ పేరుతో ఒక పెద్ద సమ్మేళనం జరిగింది. దానికోసం ఈ మూలను బాగుచేస్తూ శుద్ధి కేంద్రాన్ని ఇంకో పేదల వాడకి తరలించలేదు. దానిమీద కప్పు వేసి, ఆ కప్పునే మైదానం చేశారు. నగరం మురుగు కాళ్ల కింద శుభ్రపడుతుంటే జనం పైన నడుస్తారు. ఎలియాస్ తోర్రెస్, మార్తీనెజ్ లపెన్యా అనే ఇద్దరు వాస్తుశిల్పులు దీన్ని గీశారు. మైదానమంతా రాయి పరవకుండా తారే వేశారు, అదీ ఒక్క రంగులో కాదు. ఎరుపు, బూడిద, ఇసుక రంగు అతుకులు ఒకదానికొకటి వంకరటింకరగా కలుస్తాయి. వంగి చూస్తే ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోట ఇరవయ్యేళ్ల తొక్కిడికి అంచులు నునుపెక్కాయి.

ఆ మైదానం సముద్రం వైపు సాగే కొసన నిలబడి ఉంది సౌర పందిరి. నాలుగు వేల చదరపు మీటర్లకు అటూ ఇటూగా సోలార్ పలకలు, ఒకే చదునైన ముఖంగా, దక్షిణం వైపు 35 డిగ్రీలు వాలి ఉన్నాయి. మోసేది ఒరిగిన లావుపాటి కాంక్రీటు కాళ్లు. పైఅంచు చూడాలంటే మెడ బాగా వెనక్కి వంచాలి. దానికిందుగా మెట్లు దిగి పడవల రేవు వైపు వెళ్లొచ్చు. అప్పటి పలకల సత్తా ప్రకారం లెక్కేస్తే దీని సామర్థ్యం అర మెగావాటు దరిదాపుల్లో ఉంటుంది. ఈ రోజుల్లో అది పెద్ద అంకె కాదు. కానీ నగరం నడిబొడ్డున చర్చిలకీ రాజుల విగ్రహాలకీ దక్కే స్థానాన్ని ఊరి చివర ఒక కరెంటు యంత్రానికి ఇచ్చి, "దీని కిందికి రండి" అని జనాన్ని పిలవడం నాకు నిజంగా గొప్పగా అనిపించింది.

మరి జనం వచ్చారా? జూన్ నెల, పనిదినం. గడియారంలో రెండు కావొస్తోంది. స్పెయిన్ ఎండాకాలపు గడియారం ప్రకారం సూర్యుడు నడినెత్తికి చేరేది అప్పుడే. స్కేటు బల్లల మీద నలుగురు కుర్రాళ్లు, గాలం వేసుక్కూర్చున్న ఒక పెద్దాయన, కుక్కని తిప్పుతున్న ఒకావిడ. అంత మైదానంలో అంతే. ఏటా ప్రిమవేరా సౌండ్ సంగీతోత్సవానికి ఇక్కడ ఇసకేస్తే రాలని జనం ఉంటారట. మిగతా రోజుల్లో ఇలాగే.

గాలం పెద్దాయనతో అమ్మాయి స్పానిష్‌లో మాట కలిపింది. ఆయనది లా మీనా. సాయంత్రం గాలి కోసం వస్తాననీ, ఈ వేళప్పుడు ఆ నీడ ఉన్నచోటే కూర్చుంటాననీ చెప్పాడు. "శీతాకాలంలో ఈ నీడ ఎటో పోతుంది" అని చేత్తో దూరంగా చూపించాడు.

అమ్మాయి నోట్‌బుక్ తీసి లెక్క వేసి చూపించింది. బార్సిలోనా 41 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తున ఉంటాడు. పందిరి అంచు ఎంత ఎత్తులో ఉందో అందులో మూడోవంతు దూరానికే నీడ జరుగుతుంది. డిసెంబరులో సూర్యుడు 25 డిగ్రీలకి మించి లేవడు. అప్పుడు నీడ ఎత్తుకి రెట్టింపు దూరం పోయి ఉత్తరాన పడుతుంది. చలికాలంలో కింద ఎండ, వేసవిలో నీడ. లెక్క చక్కగా కుదిరింది. కానీ పందిరి ఇంత ఎత్తున ఉండటంతో వేసవి నీడ కూడా గంటగంటకీ చోటు మారుస్తూ ఉంటుంది. దాన్ని నమ్ముకుని బల్ల వేయలేం, టీకొట్టు పెట్టలేం. ఈ చౌకులో లోపం నాకు అక్కడే కనిపించింది. పందిరి నగరం దూరం నుంచి చూసుకోవడానికి సరిపోయే ఎత్తులో ఉంది. మనిషి కూర్చోవడానికి సరిపోయే ఎత్తులో లేదు.

కంటికి కనపడని భాగం మాత్రం బాగా పనిచేస్తోంది. చెత్త కాల్చే కర్మాగారం నుంచి వచ్చే ఆవిరిని గొట్టాల ద్వారా చుట్టుపక్కల భవనాలకి వేడిగా, చల్లదనంగా పంచే వ్యవస్థ 2004 నుంచే నడుస్తోంది. యంత్రాల్ని చల్లార్చడానికి సముద్రపు నీరు వాడతారు. అందువల్ల ఆ మేడల మీద కూలింగ్ టవర్లు ఉండవు, వీధిలోకి వేడిగాలి కొట్టే డబ్బాలూ ఉండవు. చెత్తతో పాటు ప్లాస్టిక్ కూడా కాలుతున్నప్పుడు దాన్ని పునరుత్పాదక ఇంధనం అనడం నాకు మింగుడుపడదు. అయినా ఎలాగూ వృథా అయ్యే వేడిని ఒడిసిపట్టడం మెచ్చుకోదగ్గదే.

మూడు పొగగొట్టాల సంగతి వేరు. ఆ థర్మల్ కేంద్రం 2011లో మూతపడింది. కూల్చాలా ఉంచాలా అని అంతకు ముందే, 2008లో, సాంత్ అద్రియా జనాన్ని అడిగారు. ఉంచమన్నారు. ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చినవాళ్లే ఉంచమన్నారు. తమ ఊరిని దూరం నుంచి గుర్తుపట్టేది వాటివల్లే కదా.

తిరిగి నడుస్తూ మా మాటలు హైదరాబాదు మీదికి మళ్లాయి. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాకు 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23. వెడల్పు 4.5 మీటర్లు, సామర్థ్యం 16 మెగావాట్లు. అంటే మీటరు పొడవుకి దాదాపు ఏడు వందల వాట్లు. ఫోరమ్ పందిరిలాంటివి ముప్పై కలిపినంత కరెంటు, అదీ తల మీద కాస్త ఎత్తులోనే. నీడ ఎటూ పోదు, ట్రాకు మీదే ఉంటుంది. తెల్లవారుజామున అక్కడ సైకిళ్ల మీద వెళ్లే ఐటీ ఉద్యోగుల్ని చూసి నాకూ ముచ్చటేసింది. కానీ అది వెళ్లిపోయే దారి, ఆగే చోటు కాదు. ఆ రింగురోడ్డు జంక్షన్లలోనే ఎర్రటి ఎండలో ఆటో కోసం నిలబడే కూలీకి ఆ కప్పులో ఒక్క గజం కూడా దక్కలేదు.

సూర్యుడి విషయంలో మనకి బార్సిలోనాకి లేని సౌకర్యం ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి ఆ క్షణాన నీడే ఉండదు. గోడ పక్కన నిలబడినా దిక్కులేదు. తల మీద కప్పు ఉంటేనే నీడ. డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా నీడ కప్పు ఎత్తును మించి దూరం జరగదు. కరెంటుకి అనువైన వాలు కూడా 15, 20 డిగ్రీలే. అంటే పలకల్ని దాదాపు చదునుగా, తక్కువ ఎత్తులో వేస్తే మనకి కరెంటూ నీడా రెండూ ఒకే చోట దొరుకుతాయి. రైతుబజార్లు, బస్టాండ్లు, చెరువుగట్లు, వారపు సంతలు జరిగే ఖాళీ స్థలాలు ఎన్నున్నాయి! ఏటా మార్చిలో చలివేంద్రాలకి తాటాకు పందిళ్లు వేసి జూన్‌లో పీకేస్తాం. ఆ స్థలాలు ఎక్కడో మనకి ఎప్పటినుంచో తెలుసు. మనం మాత్రం పలకల్ని మేడల పైకెక్కించి తాళం వేస్తున్నాం, లేదా ఊరవతల ఎకరాల కొద్దీ పరిచి కంచె వేస్తున్నాం.

బోయినపల్లి మార్కెట్లో రోజుకి పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్లు తీసే బయోగ్యాస్ కేంద్రం పెట్టారు. ఆ కరెంటు మార్కెట్‌కే, ఆ గ్యాస్ అక్కడి క్యాంటీన్ పొయ్యికే. ఎక్కడ పుట్టింది అక్కడే వెలిగేలా ఆలోచించిన పద్ధతి అది. నీడకి కూడా అలాంటి ఆలోచనే కావాలి.

అమ్మాయి తన ప్రాజెక్టుకి విశాఖపట్నం బీచ్ రోడ్డుని ఎంచుకుంది. "హుద్‌హుద్ తుపాను గుర్తుందా పెదనాన్నా?" అంది. 2014 అక్టోబరు 12. ఎలా మర్చిపోతాను? రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్నచోటల్లా జనం బారులు తీరారు. మామూలుగా మన సోలార్ ఇన్వర్టర్లు లైను పోగానే ఆగిపోతాయి. లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదు కాబట్టి అలా తయారు చేస్తారు. అందుకే తన చౌకుకి బ్యాటరీ గదీ, లైను నుంచి విడదీసే స్విచ్చీ గీసింది. తుపాను వెళ్లిన మర్నాడు ఆ వాడ జనమంతా మంచినీళ్ల మోటారుకీ ఫోన్లకీ మందుల ఫ్రిజ్‌కీ అక్కడికే రావాలి.

గాలికి పలకలు ఎగిరిపోవా అన్నాను. తను ఫోరమ్ పందిరి కాళ్ల వైపు చెయ్యి చూపించింది. 35 డిగ్రీల వాలు ముఖం సముద్రపు గాలిని ఎదురుగా పట్టుకుంటుంది కాబట్టే దానికి అంత కాంక్రీటు అవసరమైందట. మనకి 15 డిగ్రీలు చాలు, అందులోనూ పలకకీ పలకకీ మధ్య సందులు వదిలితే గాలి పైకి పోతుంది, స్తంభాలు సన్నగా పెట్టుకోవచ్చు. సందుల్లోంచి వాన కారుతుందిగా అంటే, దానికి తూములు గీసిన ఇంకో పేజీ తిప్పింది. పలకల మీది ఉప్పూ దుమ్మూ కడిగేదెవరన్న దానికి మాత్రం ఇంకా జవాబు దొరకలేదంది. మున్సిపాలిటీ మీద వదిలితే రెండో ఏడాదికే మూలపడుతుందని తన భయం. కింద కొట్లు పెట్టుకునేవాళ్లకి అద్దెలో తగ్గించి ఆ పని అప్పగిస్తే ఎలా ఉంటుందని నన్నడిగింది. విశాఖ వెళ్లి బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆడవాళ్లని అడిగి రాస్తానని మాటిచ్చాను.